ఫ్యాన్లు ఆపి విన్న కచేరి: మహబూబ్‌నగర్‌లో ఛాంబర్ సంగీతం

ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం సాయంత్రం, మహబూబ్‌నగర్‌లోని ఒక కళాశాల సభాభవనంలో ప్రకృతి ప్రేరణతో రాసిన ఆధునిక పాశ్చాత్య ఛాంబర్ సంగీతాన్ని వినిపిస్తారని తెలిసినప్పుడు, వెళ్లాలా వద్దా అన్న సందేహం నాకు కలగలేదు గాని, ఎంతమంది వస్తారోనన్న దిగులు మాత్రం కలిగింది. నేను లెక్కపెట్టినంతలో 130 మంది వచ్చారు. వారిలో సగానికి పైగా విద్యార్థులు. మిగిలినవారిలో సంగీతం నేర్పే ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ చేసినవారు, దేవరకద్ర వైపు నుంచి మనవడి వెంట వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. టికెట్ వెల 200 రూపాయలు, విద్యార్థులకు 50 రూపాయలు. ఆ వెలకు మాకు వినిపించినది చాలా ఎక్కువ అని ముందే చెబుతాను. లోపాలు లేకపోలేదు, అయితే వాటిలో చాలావరకు సంగీతం చుట్టూ జరిగిన ఏర్పాట్లకు సంబంధించినవి.

ఛాంబర్ సంగీతం అంటే గదిలో కూర్చుని వినదగిన సంగీతం. కళాకారులు కొద్దిమందే ఉంటారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క స్వరవరుస ఉంటుంది, దానిని ఇంకొకరు పంచుకోరు. ముందు నిలబడి చేతితో నడిపించే కండక్టర్ ఉండడు కనుక, ఒకరి ఊపిరిని, ఒకరి కమాను కదలికను మరొకరు గమనించుకుంటూ వాయించవలసి ఉంటుంది. ఇది మనకు బొత్తిగా తెలియని పద్ధతి అని నేను అనుకోను. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనంతో కట్టిన కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథను ఇంటి ముందర చాప మీద కూర్చుని విన్నవారు పాలమూరులో ఇప్పటికీ ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతా తెలిసింది గాని, దాని అసలు బలం పెద్ద వేదిక మీద కంటే నాలుగు గజాల దూరంలో కూర్చున్నప్పుడే తెలుస్తుంది. తీగ మోతతో పాటు తీగకు వేలు తగిలిన చప్పుడు కూడా వినిపించేంత దగ్గరితనమే ఛాంబర్ సంగీతానికి కూడా ప్రాణం.

ఆ దగ్గరితనాన్ని నిర్వాహకులు మొదటి అరగంటలోనే పాడుచేశారు. ఆరు గంటలకు మొదలు కావలసిన కార్యక్రమం 35 నిమిషాలు ఆలస్యమైంది. దానికి కారణం కళాకారులు కాదు. అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు, మళ్లీ ఫొటోలు అన్నీ వరుసగా నడిచాయి. గౌరవించడాన్ని తప్పుపట్టను, కాని ఆ గౌరవం కచేరి ముగిశాక జరిగి ఉంటే, అంతసేపు మైకు హోరు విని మొద్దుబారిన చెవులతో మేము అతి సన్నని పియానో స్వరాలలోకి వెళ్లవలసి వచ్చేది కాదు.

మొదటి కృతి జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు 1992లో పియానోకు రాసిన 'రెయిన్ ట్రీ స్కెచ్ 2'. ఆ ఏడాది కన్నుమూసిన ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ స్మృతికి దానిని అంకితం చేశాడు. 'వానచెట్టు' అన్న ఊహ తకెమిత్సుకు తన మిత్రుడు, నవలాకారుడు కెంజబురో ఓయె కథ నుంచి వచ్చింది. ఆ కథలోని చెట్టుకు లెక్కలేనన్ని చిన్న చిన్న ఆకులుంటాయి, రాత్రి కురిసిన వానను అవి పట్టి ఉంచుకుంటాయి, తక్కిన చెట్లన్నీ ఆరిపోయిన తరువాత కూడా ఆ చెట్టు మధ్యాహ్నం దాకా చినుకులు రాలుస్తూనే ఉంటుంది. సంగీతం కూడా అచ్చంగా అలాగే నడుస్తుంది. వాన కురుస్తున్న ధ్వని ఇందులో ఎక్కడా లేదు. ఉన్నదంతా వాన వెలిసిన తరువాత మిగిలిన తడి, ఒక చినుకుకూ మరొక చినుకుకూ నడుమ మనం ఎదురుచూసే ఆ కొద్ది సేపు.

మృగశిర కార్తెలో మబ్బును చూస్తూ కూర్చోవడం అలవాటైన ప్రాంతంలో ఈ కృతి వేరుగా వినిపిస్తుందని నాకు అనిపించింది. పడిన చినుకు కంటే పడబోయే చినుకు మీదే మనసు నిలిచే ఊళ్లు మావి. పియానో కళాకారిణి ఆ ఎదురుచూపును తొందరపడకుండా వాయించింది. కళాశాల ఆవరణలో సభాభవనం కిటికీలకు ఆనుకొని ఒక నిద్రగన్నేరు ఉంది, ఇంగ్లీషులో దానినే రెయిన్ ట్రీ అంటారు. అప్పటికి చీకటి పడుతూ దాని ఆకులు ముడుచుకుంటున్నాయి, గూటికి చేరిన గోరువంకల గోల ఇంకా పూర్తిగా అణగలేదు. ఆ గోల సంగీతానికి అడ్డు రాలేదు.

అడ్డు వచ్చినది పియానో. అది డిజిటల్ పియానో. నొక్కిన మెట్టు నుంచి ధ్వని బాగానే వస్తుంది. కాని నిజమైన పియానోలో ఒక తీగ మోగినప్పుడు పెడల్ తొక్కి ఉంచితే తక్కిన తీగలన్నీ తమంత తాముగా సన్నగా పలుకుతాయి, ఆ పలుకు మెల్లగా గాలిలో కరగడమే ఈ కృతిలో సగం విషయం. ఇక్కడ ఆ కరగడం స్పీకరు పెట్టెలో ఒక చోట ఠక్కున తెగిపోయింది. హైదరాబాద్ నుంచి 100 కిలోమీటర్లు గ్రాండ్ పియానోను తెచ్చి, మళ్లీ శ్రుతి చేయించి పెట్టడం చిన్న ఖర్చు కాదని నాకు తెలుసు. అయినా, ఆ వసతి లేనప్పుడు ధ్వని కరగడం మీదే ఆధారపడిన కృతితో కచేరి మొదలుపెట్టకుండా ఉండవలసింది.

తరువాతి రెండు భాగాలు మెస్సియాన్ 'క్వార్టెట్ ఫర్ ది ఎండ్ ఆఫ్ టైమ్' నుంచి తీసుకున్నవి. ఎనిమిది భాగాల ఈ కృతి మొదటిసారి 1941 జనవరి 15న, గోర్లిట్జ్ దగ్గర జర్మన్లు నడిపిన యుద్ధఖైదీల శిబిరంలో, గడ్డకట్టే చలిలో, తోటి ఖైదీల ముందు వినిపించింది. ఊది వాయించే క్లారినెట్, వయొలిన్, వయొలిన్ కంటే పెద్దదిగా, లోతుగా పలికే చెల్లో, పియానో అన్న కూర్పు ఎంచుకుని చేసినది కాదు, ఆ శిబిరంలో దొరికిన కళాకారులు వారే. మొదటి భాగం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య పక్షులు మేల్కొనే వేళను చూపుతుంది. క్లారినెట్ బ్లాక్‌బర్డ్‌గా, వయొలిన్ నైటింగేల్‌గా పాడతాయి. మనవైపు వేకువ మొదట కోడిది, తరువాత పెద్దనల్లంచిది. పెద్దనల్లంచి ఈల వేసి, ఆగి, అదే ఈలను కొద్దిగా మార్చి మళ్లీ వేయడం విన్నవారికి ఆ క్లారినెట్ వరుస వెంటనే పట్టుబడుతుంది.

ఈ భాగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిర్వాహకులు పంచిన తెలుగు కరపత్రం చాలా శ్రద్ధగా రాసినదే అయినా, మన శ్రోతకు అన్నిటికంటే దగ్గరైన సంగతిని వదిలేసింది. పక్షుల పాట కింద పియానో నడిపే లయ మన దేశానిది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీతరత్నాకరం' 120 దేశీ తాళాలను చెబుతుంది. పారిస్‌లో అచ్చయిన ఒక సంగీత విజ్ఞానసర్వస్వంలో ఆ తాళాల పట్టికను మెస్సియాన్ చూశాడు. అందులోని రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం అన్న మూడు తాళాలను కలిపి ఆయన 17 కాలప్రమాణాల వరుస ఒకటి కట్టాడు, దాని మీద 29 స్వరగుచ్ఛాల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరుసను నడిపించాడు. 17, 29 రెండూ ప్రధానసంఖ్యలు కనుక ఆ రెండు వరుసలు మళ్లీ ఒకచోట మొదలు కావాలంటే 493 అడుగులు నడవాలి. చెల్లోకు అయిదు స్వరాలు, 15 కాలప్రమాణాలతో మరొక వరుస ఉంది. ఆవర్తనం పూర్తయి, తాళం మొదటి దెబ్బ అయిన సమానికి వచ్చి కలుసుకోవడం అలవాటైన మన చెవికి, ఈ సంగీతం సమాన్ని చాలా దూరంగా పెట్టి, అక్కడికి చేరకముందే ఆగిపోతుంది. నక్షత్రాలు తిరుగుతున్నట్టుగా కింద ఆ లెక్క నడుస్తూ ఉంటే, పైన పక్షులు ఏ లెక్కా లేకుండా పాడతాయి.

సంగీతరత్నాకరం వెలువడిన శతాబ్దంలోనే, ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 'నృత్తరత్నావళి' రాశాడు. తాళాల పేర్లు మన శాస్త్రగ్రంథాలలోనివని కరపత్రంలో ఒక్క వాక్యం ఉన్నా, ముందు వరుసలో కూర్చున్న మృదంగం విద్యార్థులు ఆ కొద్ది నిమిషాలను వేరే చెవితో వినేవారు. విరామంలో వారికి నేను ఈ సంగతి చెప్పినప్పుడు, ముగ్గురూ మళ్లీ వాయించమని అడగవచ్చా అన్నారు. వాయింపు విషయానికి వస్తే, డిజిటల్ పియానో ఇక్కడ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, చెల్లో సన్నని పైస్వరాలు మాత్రం పియానో స్పీకరు వెనుక పడిపోయాయి. స్పీకరును తగ్గించి ఉంటే సరిపోయేది.

మూడవ భాగం 'పక్షుల అగాధం' క్లారినెట్ ఒక్కదానికే రాసినది. అగాధమంటే ఇక్కడ కాలం, దాని అలసట, దాని దిగులు. పక్షులు దానికి ఎదురు నిలిచేవి. ఒకే స్వరం వినీవినిపించనంత సన్నగా మొదలై, కళాకారుడి ఊపిరి ఉన్నంతసేపు పెరుగుతూ పోయి, హాలు నిండేంత పెద్దదై తెగుతుంది. ఇది క్లారినెట్ వాయించేవారికి కఠినమైన పరీక్ష. సన్నగా మొదలైనప్పుడు ఊదే చోట ఉండే పలుచని పుల్ల, రీడు, పలకకపోవచ్చు, పెరుగుతున్నప్పుడు శ్రుతి జారవచ్చు. ఆ యువ కళాకారుడికి మూడుసార్లలో రెండుసార్లు స్వరం ఎక్కడ మొదలైందో నాకు నిజంగా తెలియలేదు. వినిపిస్తోందని గ్రహించేసరికే అది అక్కడ ఉంది. మూడవసారి ఊపిరి కొద్దిగా తడబడింది, అయినా అతడు దానిని దాచడానికి తొందరపడలేదు. బయట గోరువంకలు అప్పటికి పూర్తిగా సద్దుమణిగాయి.

ఫిన్లాండ్ స్వరకర్త కైయా సారియాహో 2000లో ఒంటరి చెల్లో కోసం రాసిన 'సెప్ట్ పాపియోఁ', అంటే 'ఏడు సీతాకోకచిలుకలు', విరామానికి ముందు వచ్చింది. కమానును తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జికి చేరువగా తెచ్చి గరగరమనిపించడం, వెంటనే తీగ మధ్యకు జరిపి మెత్తబరచడం వంటి పనుల మీద ఈ చిన్న ముక్కలు నిలబడతాయి. చెల్లో కళాకారిణి వాయింపు శుభ్రంగా ఉంది. కాని ఒక ముక్కకూ మరొక ముక్కకూ నడుమ ప్రేక్షకులు చప్పట్లు కొట్టడంతో ఏడు రెక్కల కదలిక ఆరు చోట్ల విరిగింది. ఇది ప్రేక్షకుల తప్పు కాదు, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ముందే ఒక మాట చెబితే సరిపోయేది.

విరామం తరువాత రెండు కృతులు వచ్చాయి. వాటిలో చివర వినిపించినదాని గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ సాయంత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. అమెరికన్ స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ చాలా ఏళ్లు అలాస్కాలో నివసించాడు. 2014లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకు ముందు, 2011లో, తన మిత్రుడైన కండక్టర్ గోర్డన్ రైట్ జ్ఞాపకార్థం ఆయన 'ద విండ్ ఇన్ హై ప్లేసెస్' అన్న కృతిని రెండు వయొలిన్లు, వయొలిన్ కంటే కొద్దిగా పెద్దదైన వయోలా, చెల్లో కోసం రాశాడు. ఎత్తయిన చోట్ల వీచే గాలి అని దాని అర్థం. దాదాపు 20 నిమిషాల ఈ కృతిలో నలుగురు కళాకారులలో ఎవరి వేలూ తీగను కింది పలకకు అదమదు. ఖాళీ తీగలు పలుకుతాయి, లేదా తీగను సగం దగ్గరో మూడోవంతు దగ్గరో వేలికొనతో తాకీతాకనట్టు తాకితే వచ్చే స్వరాలు పలుకుతాయి. నాలుగు వాద్యాలకు కలిపి 16 తీగలు. ఆ పదహారు తీగలూ గాలికి తనంత తాను మోగే ఒక పెద్ద వీణ అయినట్టుగా స్వరకర్త ఊహించాడు.

ఆ స్వరాలు మనకు పరాయివి కావు. తంబురాను సరిగ్గా శ్రుతి చేసి మీటుతూ పోతే, ఎవరూ మీటని గాంధారం దానిలో నుంచి వినిపిస్తుంది. మన సంగీతజ్ఞులు దానిని స్వయంభూ స్వరం అంటారు. తీగ మొత్తంగా ఊగుతూనే సగాలుగా, మూడోవంతులుగా, నాలుగోవంతులుగా, అయిదోవంతులుగా కూడా ఊగుతుంది కనుక ఆ స్వరాలు దానిలోనే ఉన్నాయి, వేలు వాటిని కొత్తగా పుట్టించదు, వినపడేలా దారి వదులుతుంది, అంతే. ఈ కృతిలో గాలిని పోలిన అరుపులు, ఈలలు ఏవీ లేవు. గాలి తీగను తాకితే ఏం జరుగుతుందో, కమాను తీగను తాకినప్పుడు అదే జరగనిచ్చారు. ప్రకృతి పేరుతో వచ్చే సంగీతంలో నేను వెతికేది ఇదే. కొండను బొమ్మగా గీసి చూపే సంగీతం ఒకసారి విన్నాక అయిపోతుంది, కొండ మీది గాలికి ఉన్న నియమాన్నే తన నియమంగా పెట్టుకున్న సంగీతాన్ని మళ్లీ మళ్లీ వినవచ్చు.

ఇంత సన్నని ధ్వనికి సీలింగ్ ఫ్యాన్లు శత్రువులు. కృతి మొదలుపెట్టబోతూ మొదటి వయొలిన్ కళాకారిణి లేచి, ఫ్యాన్లు ఆపడానికి మీ అనుమతి కావాలి, ఉక్కపోతకు మన్నించండి అని తెలుగులో అడిగింది. ఎండలు మొదలైన మహబూబ్‌నగర్‌లో అది చిన్న కోరిక కాదు. పన్నెండు ఫ్యాన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆగిన తరువాత గాని, అంతసేపూ మేము ఎంత హోరు మధ్య కూర్చున్నామో మాకు తెలియలేదు. కళాకారులు మైకులు కూడా తీసివేయించారు. మొదటి రెండు నిమిషాలు కుర్చీలు కిరకిరలాడాయి, ఎవరో దగ్గారు. ఆ తరువాత 130 మంది చెమటలు కారుతూ, కదలకుండా, ఒక్క ఫోను మోగకుండా చివరిదాకా విన్నారు. పాశ్చాత్య సంగీతం చిన్న పట్టణాల్లో ఎవరు వింటారని అనేవారు ఆ సమయంలో ఆ హాలులో ఉండవలసింది.

దానికి ముందు వచ్చినది బృందంలోని వయోలా కళాకారిణి స్వయంగా రాసిన కొత్త కృతి. వయోలా, క్లారినెట్, చెల్లోలకు రాసిన పన్నెండు నిమిషాల ఈ కృతికి ఆధారం పాలమూరు చెరువు గట్ల మీది తీతువు పిట్ట. తీతువు నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, మనిషి అడుగు వినగానే లేచి తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపులోని పొట్టి దెబ్బలను, చివర సాగే దెబ్బను స్వరకర్త్రి లయగా తీసుకుంది. క్లారినెట్ అరుపును మొదలుపెడితే, వయోలా దానిని సగం వేగంలో అందుకుంటుంది, చెల్లో గుడ్ల దగ్గర కదలకుండా కూర్చున్నట్టు ఒకే స్వరాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు నా పక్కన కూర్చున్న దేవరకద్ర పెద్దాయన నా చెవి దగ్గరికి వంగి, "గిది మా చెరువు కట్టమీది తీతువ పిట్టనే గద సారూ, రాత్రిపూట గిట్లనే అరుస్తది" అన్నారు. ఆయన కరపత్రం చదవలేదు. రాత్రిపూట తీతువు అరిస్తే అపశకునమని ఊళ్లలో అంటారు, ఆ బెదురు కూడా సంగీతంలో ఉంది, దానిని ఎక్కడా తుడిచివేసి అందంగా చేయలేదు. అందుకు స్వరకర్త్రిని మనసారా అభినందిస్తున్నాను.

కాని ఏడవ నిమిషం దగ్గర రెండు పెద్ద స్పీకర్ల నుంచి రికార్డు చేసిన వాన చప్పుడు, కప్పల అరుపులు మొదలయ్యాయి, కృతి ముగిసేదాకా ఆగలేదు. మూడు వాద్యాలు అంతవరకు కష్టపడి మా చెవిలో కట్టిన చెరువును ఆ రికార్డు ఒక్కసారిగా కప్పేసింది. క్లారినెట్ వరుస ఎటు పోయిందో నాకు వినపడలేదు. నిజమైన వాన చప్పుడు వినిపించాక, దాని పక్కన ఏ వాద్యమైనా అనుకరణగా కనిపిస్తుంది. వాద్యాలకు అది అన్యాయం. ఆ రికార్డును పూర్తిగా తీసివేసి, ఏడవ నిమిషం తరువాత కూడా తీతువు లయతోనే ముగిస్తే, ఈ కృతి ఏ ఊరిలోనైనా నిలబడగలదని నా నమ్మకం.

ముగిశాక జరిగిన చర్చలో కొందరు, వచ్చేసారి పిల్లలమర్రి కింద ఆరుబయట ఈ కచేరి పెట్టాలని సూచించారు. వారి ఉత్సాహం నాకు నచ్చింది గాని, ఆ సూచనతో నేను ఏకీభవించను. ఆరుబయట పెడితే మైకులు తప్పవు, మైకులు పెడితే ఇప్పుడు విన్న ఆ సన్నని స్వరాలు మిగలవు. పైగా ఆ మర్రి చాలా వయసు మీరినది, చెదలు పట్టి 2018లో కొమ్మలకు సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి కాపాడుకోవలసి వచ్చింది. దాని కిందికి జనాన్ని, జనరేటర్లను చేర్చడం సరికాదు. ఇదే సభాభవనం చాలు. మొదటి పిలుపు ఆరు గంటలకు కాకుండా ఏడు గంటలకు పెట్టి, సన్మానాలను చివరికి జరిపి, ఫ్యాన్లను మొదటి కృతి నుంచే ఆపితే చాలు.

ఈ బృందం మళ్లీ వస్తే వెళ్లాలనుకునేవారు ముందు ఆరు వరుసల్లో చోటు చూసుకోండి, వెనుక వరుసలకు చెల్లో సరిగా అందదు. పదేళ్లు దాటిన పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. హాలు లోపల మంచినీళ్లు పెట్టలేదు కనుక సీసా వెంట ఉంచుకోండి. కచేరి తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా ముగిసింది, దేవరకద్ర పెద్దాయన, మనవడు హాయిగా బస్సు అందుకున్నారు.